జొన్నకంకుల ఊరేగింపు: డచ్చి దీవుల ఏప్రిల్ కబుర్లు

మాది భీమిలి. సముద్రపు ఒడ్డున డచ్చివారి సమాధులు చూస్తూ పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఆ పొడవాటి గోరీల చుట్టూ దాగుడుమూతలాడాం. వాటి కింద ఉన్నవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు, మన ఊళ్లో ఏం పని మీద ఉన్నారు అని ఎవర్నీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ జవాబు నాకు భీమిలికి భూగోళం అవతలి పక్క, జొన్నకంకులు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఆడవాళ్ల వెనకాల నడుస్తుంటే దొరికింది. ఆ కబుర్లే ఇవి.

న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరున్నాం. ఏప్రిల్లో తనకీ అల్లుడికీ కలిసి రెండు వారాలు సెలవు దొరికింది. "అమ్మా, అరుబా వెళ్దామా? మనవాళ్లు చాలామంది వెళ్లొస్తున్నారు. నీళ్లు అద్దంలా ఉంటాయట" అంది. పటం తీసి చూపించింది. వెనెజులా తీరానికి ఎదురుగా, పక్కపక్కన మూడు చుక్కలు: అరుబా, కురసావ్, బొనేర్. మూడూ డచ్చి రాజ్యంలోవే. ఆ మాట వినగానే నాకు మా ఊరి సమాధులు గుర్తొచ్చాయి. "ఒక్కటే ఎందుకు, మూడూ చూద్దాం" అన్నాను. మా వారిది కర్నూలు జిల్లా, జొన్నరొట్టె లేకుండా పూట గడవని ఇల్లు. "తిండి ఎలా మరి?" అన్నదొకటే ఆయన ప్రశ్న. దానికి జవాబు ఆయనే కనుక్కున్నారు. ఎలాగో చెబుతాను.

గాలి, నీళ్లు, దివిదివి చెట్టు

అరుబాలో విమానం దిగగానే ముందు పలకరించేది గాలి. తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా ఆగవు. ఎండ మండిపోతున్నా ఒంటికి తెలియదు, అదే ప్రమాదం. మొదటి రోజు సాయంత్రానికే మా అల్లుడి భుజాలు కందిపోయాయి. కరిబియన్ అనగానే కొబ్బరి తోటలు, ఎడతెగని వానలు అనుకుంటాం. ఈ మూడు దీవులూ అలా ఉండవు. నది అన్నది లేదు. ఏడాదికి అర మీటరు వాన పడితే గొప్ప, అదీ చాలావరకు అక్టోబరు నుంచి జనవరి లోపు. ఎటు చూసినా జెముడు మొక్కలు, ముళ్లకంపలు, మేకలు. అనంతపురం పొలాల్ని తెచ్చి నీలి సముద్రం మధ్యలో పెట్టినట్టుంది. తుపానుల దారికి దక్షిణంగా ఉండటం వల్ల పెద్ద తుపానులు ఇక్కడికి రావడం అరుదు. హుద్‌హుద్ తుపానును చూసిన మా విశాఖ తీరం వాళ్లకు ఆ మాట వింటేనే ప్రాణం కుదుటపడుతుంది.

మరి తాగే నీళ్లో? సముద్రం నీళ్లే. ఉప్పు తీసి మంచినీళ్లు చేసే పని కురసావ్‌లో 1928లోనే మొదలైంది, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అరుబాలోనూ మొదలుపెట్టారు. కుళాయి తిప్పి నిశ్చింతగా తాగొచ్చు. సీసా నీళ్లు కొనే పని లేదు.

అరుబా బొమ్మల్లో పడమటికి వంగిపోయి, నడుము మీద చెయ్యి పెట్టుకున్న ముసలమ్మలా ఒక చెట్టు కనిపిస్తుంది. దాన్నక్కడ వటపానా అంటారు, రెండో పేరు దివిదివి. ఆ పేరు వినగానే మా వారు ఆగిపోయారు. తోళ్లు పదును చేసేవాళ్లు మన వైపు వాడే దివిదివి కాయలు ఈ చెట్టువే. అక్కడి నుంచే ఆ కాయలు ఓడల్లో ఐరోపా తోళ్ల కార్ఖానాలకు వెళ్లేవి. చెట్టు కూడా కాలక్రమంలో మన దేశానికి వచ్చింది, పేరు మార్చుకోకుండానే. ఈగిల్ బీచ్‌లో అందరూ ఫోటోలు దిగే రెండు చెట్లు మాత్రం దివిదివి చెట్లు కావు. అవి ఫోఫోటీ చెట్లు. ఈ సంగతి అక్కడి తోటమాలి ఒకాయన ఓపిగ్గా చెప్పి, కాయల తేడా కూడా చూపించాడు.

ఏప్రిల్లో ఈగిల్ బీచ్‌కు వెళ్లే వాళ్లకు ఇంకో భాగ్యం. మార్చి నుంచి వీపు మీద చిప్పకు బదులు తోలుండే పెద్ద సముద్రపు తాబేళ్లు రాత్రిపూట గట్టెక్కి గుడ్లు పెడతాయి. అవి పెట్టిన చోట కంచె కట్టి, స్వచ్ఛంద సేవకులు కాపలా ఉంటారు. మా విశాఖ తీరంలో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ గుడ్లను అటవీశాఖ వాళ్లు ఏరి, పిల్లలయ్యాక సముద్రంలో వదిలిపెడతారు కదా, అదే శ్రద్ధ ఇక్కడా చూశాను. తాబేలు కనిపిస్తే టార్చి వెయ్యొద్దు, దగ్గరికి పోవద్దు. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

సెవూ: కోతల పండగ

ఈస్టరుకు కురసావ్ చేరాం. ఈస్టరు మర్నాడు సోమవారం ఆ దీవి రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లో సెవూ ఊరేగింపు. నేను చూడాలని పట్టుబట్టింది ఇదే.

పొద్దుటి నుంచే దారికి రెండు పక్కలా కుర్చీలు వేసుకుని, చలువ పెట్టెలు పక్కన పెట్టుకుని కుటుంబాలు కూర్చున్నాయి. మాకు కుర్చీలు లేవని చూసి ఒక పెద్దావిడ తన మనవళ్లను లేపి, మా ఇద్దరికీ చోటిచ్చింది. ముందుగా కొమ్ము ఊదిన శబ్దం వినిపించింది. ఆవు కొమ్ముతో చేసిన ఆ వాద్యాన్ని కాచు అంటారు. వెనకనే ఇనుము మీద ఇనుము మోగుతున్న లయ. చూస్తే అది పలుగూ పారా లాంటి పనిముట్టే! చాపి అనే ఆ పార ఇనుమును చేత్తో పట్టుకుని, కమ్మీతో కొడుతున్నారు. పొలంలో నేల తవ్విన పారే పండగనాడు తాళమైంది. దానికి తోడు తంబూ అనే డప్పు.

ఆడవాళ్లు నేలదాకా వచ్చే నూలు పావడాలు, తలకు గుడ్డ, నెత్తిన తట్ట. మగవాళ్లు మోకాళ్లదాకా మడిచిన పంట్లాములు, గడ్డి టోపీలు. తట్టల్లో గుమ్మడికాయలు, దోసకాయలు, చిక్కుళ్లు. అన్నిటికీ మించి కంకులు. మా వారు లేచి నిలబడిపోయారు. "ఇవి మన జొన్నలే!" అన్నారు. పక్కనున్న పెద్దావిడ ఆయన మొహం చూసి నవ్వి, ఒక కంకి అడిగి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాన్ని వాళ్లు మైషి చికి అంటారు, అంటే చిన్న మొక్కజొన్న. ఏడాది చివర పడే వానలకు విత్తుతారు, ఎండాకాలం మొదట్లో కోస్తారు. మన రబీ జొన్న లెక్కే.

పండగ ఎలా పుట్టిందో ఆవిడే చెప్పింది. తోటల యజమానుల కింద బానిసలుగా ఉన్న రోజుల్లో కోత అయ్యాక ఆ పంటంతా నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ, వరసల్లో నడుస్తూ దొర గాదెకు చేర్చేవారు. ఆ నడకే ఈ నాట్యం. రెండడుగులు ముందుకు, ఒంటిని అలలా ఊపుతూ మెల్లగా సాగే అడుగు. పండించింది వాళ్లు, గాదె నిండింది దొరకు. స్వేచ్ఛ వచ్చాక ఆ నడకను వదిలెయ్యలేదు, తమ పండగ చేసుకున్నారు. తంబూ డప్పును పాతకాలంలో చర్చి, ప్రభుత్వం రెండూ అడ్డుకున్నాయి. అయినా అది చావలేదు. ఇవాళ బడి పిల్లలు కూడా నేర్చుకుని ఆ ఊరేగింపులో నడుస్తున్నారు.

ఊరేగింపు వెనకాల జనంతో పాటు మేమూ కొంతదూరం నడిచాం. మా వారి చేతిలో ఆ కంకి ఉండటం చూసి ఎంతమంది చెయ్యూపారో.

వంటింటి కబుర్లు

ఇక తిండి సంగతి. కురసావ్‌లో పాత బజారు, ప్లాసా బియూ అంటారు, అందులో వరసగా వంటవాళ్ల బల్లలు. పొయ్యి ముందు నిలబడి ఒకావిడ పెద్ద గిన్నెలో పిండి కలియబెడుతోంది. చేతిలో తెడ్డు, అంచు పట్టుకున్న తీరు, ఉండ కట్టకుండా గట్టిగా తిప్పే ఆ భుజం ఊపు చూస్తే, మా అత్తగారు సంగటి కెలుకుతున్నట్టే ఉంది. దాన్ని ఫుంచి అంటారు. ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారు, పూర్వం జొన్నపిండితోనూ చేసేవారు. ముద్దగా పెట్టి, పక్కన పులుసో మేకమాంసం కూరో వేస్తారు. మా వారు ఆ పూట సంగటి తిన్నంత తృప్తిగా తిన్నారు. మర్నాడు వేయించిన ఎర్రచేపతో నేను తిన్నాను. భీమిలిలో పుట్టినదాన్ని, చేప మంచిదో కాదో చూడగానే చెబుతాను. అది ఆ పొద్దుటి చేపే.

టూటూ అని ఇంకో వంటకం ఉంది. పిండిలో అలసందలు కలిపి ఉడికించి, కొంచెం తీపి వేసి, చెక్క కవ్వంతో మెదుపుతారు. ఆ కవ్వం పేరు లేలే. చెట్టుకొమ్మకు సహజంగా చీలిన మూడు రెమ్మల్ని వదిలి కోసుకుంటారు, అంతే. మన పప్పుగుత్తి పని చేస్తుంది. ఆ లేలేతోనే బెండకాయ పులుసు కూడా చిలుకుతారు. దాని పేరు యాంబో. మనం బెండకాయ జిగురు పోవాలని తుడిచి, ఆరబెట్టి, చింతపండు పోసి నానా అవస్థలు పడతాం. వాళ్లకు ఆ జిగురే కావాలి. చిలికి చిలికి తీగలు సాగేలా చేసి, చేప వేసి తాగుతారు. రెండు గరిటెలు తిన్నాక నాకూ నచ్చింది.

పెరళ్లలో చింతచెట్లు. చింతపండు పిసికి, బెల్లం రంగు చక్కెర వేసి, మంచుముక్కలతో ఇస్తారు, ఎండకు ప్రాణం లేచి వస్తుంది. దారి పక్కన వేపచెట్లు కూడా కనిపించాయి. మన వేప అక్కడికి వెళ్లి ఎంత విస్తరించిందంటే, స్థానిక మొక్కల్ని తొక్కేస్తోందని బొనేర్‌లో ప్రకృతి కాపాడేవాళ్లు దిగులు పడుతున్నారు.

మాంసం తినని వాళ్లకు కూడా ఇబ్బంది లేదు. ఫుంచి, వేయించిన అరటి, చీజు పెట్టిన పాస్టెచి అనే కజ్జికాయ లాంటిది పొద్దున్నే ప్రతి సందులో దొరుకుతాయి. సురినాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల కొట్లలో రొట్టె, బంగాళాదుంప కూర, పొడవు చిక్కుళ్ల వేపుడు ఉంటాయి. భోజ్‌పూర్ వైపు నుంచి 1873 మొదలు చెరకు తోటల్లో కూలికి సురినాం చేరినవారి వంట అది. విల్లెమ్‌స్టాడ్ అంగళ్లలో సింధీ వర్తకుల దుకాణాలు కూడా ఉన్నాయి. ఒక దుకాణంలో నా నూలు చీర చూసి, "ఎక్కడి నేత?" అని అడిగారు. పొందూరు అని చెప్పాను.

పడవల వంతెన, నారింజ రంగు రోజు

విల్లెమ్‌స్టాడ్‌ను 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటి పాయకు ఇవతల పూండా, అవతల ఓట్రోబాండ. ఓట్రోబాండ అంటే అవతలి గట్టు అనే అర్థం. ఆమ్‌స్టర్‌డాం కాలవ గట్ల మీది ఇళ్లలాంటివే, పసుపు, గులాబి, నీలి రంగుల్లో వరసగా. 1817లో ఒక గవర్నరు తెల్లసున్నం గోడల మీది ఎండ కళ్లకు కొట్టి తలనొప్పి వస్తోందని రంగులు వెయ్యమన్నాడని, ఆయనకు రంగుల వ్యాపారంలో వాటా ఉండేదని కూడా అక్కడివాళ్లు చెబుతారు.

రెండు గట్లనూ కలిపేది పడవల మీద తేలే ఎమ్మా రాణి వంతెన. 1888 నాటిది. ఓడ వస్తే గంట మోగుతుంది, ఒక చివర పట్టుకుని మొత్తం వంతెన తలుపు రెక్కలా పక్కకు తెరుచుకుంటుంది. ఓడ వెళ్లాక మళ్లీ మూసుకుంటుంది. తెరిచి ఉన్నంతసేపూ డబ్బు తీసుకోకుండా పడవలో దాటిస్తారు. పాతరోజుల్లో చెప్పులున్నవాళ్లకు సుంకం, ఉత్త కాళ్లతో నడిచేవాళ్లకు లేదట. లేనివాళ్లు పరువు కోసం చెప్పులు అరువు తెచ్చుకుని వేసుకునేవారని, ఉన్నవాళ్లు చెప్పులు చేతబట్టుకుని దాటేవారని కథ.

ఏప్రిల్ 27 డచ్చి రాజుగారి పుట్టినరోజు. అది ఆదివారం పడితే ముందురోజే పండగ. ఊరంతా నారింజ రంగు. డచ్చి రాజవంశం పేరే ఆరెంజ్, అందుకని. దారుల్లో ఇళ్లవాళ్లే పాత సామాన్లు పరిచి అమ్ముతారు. నేను ఒక ఇత్తడి గరిటె కొన్నాను. అమ్మిన పిల్లకు పదేళ్లుంటాయేమో, లెక్క తప్పకుండా చిల్లర ఇచ్చి, "మాషా డంకి" అంది. చాలా థాంక్స్ అని అర్థం.

ఆ మాట వాళ్ల పాపియామెంటు భాషలోది. పోర్చుగీసు, స్పానిష్, డచ్చి, ఆఫ్రికా భాషలు కలిసి బానిసల నోట పుట్టిన భాష. అరుబాలో 2003లో, కురసావ్‌లో 2007లో అధికార భాష అయ్యింది. పత్రికలు, రేడియో, చట్టసభ చర్చలు చాలావరకు అందులోనే. దొరల భాష పక్కనే తమ భాషను అలా నిలబెట్టుకున్నందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. మీరు వెళ్తే రెండు మాటలు నేర్చుకోండి: "బోన్ దియా" అంటే శుభోదయం, "దూషి" అంటే తియ్యనిది. వంటనూ దూషి అంటారు, పసిపిల్లనూ దూషి అంటారు, మనం "బంగారం" అన్నట్టు.

ఉప్పు మడుల బొనేర్

కురసావ్ నుంచి బొనేర్‌కు చిన్న విమానంలో అరగంట కూడా పట్టదు. సామాను బరువు లెక్క వల్ల మా పెట్టెలు మాత్రం మర్నాటికి వచ్చాయి, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోవడం మంచిది.

బొనేర్ దక్షిణపు కొసన ఉప్పు మడులు. నీళ్లు లేతగులాబి రంగు, వెనకాల తెల్లటి ఉప్పు గుట్టలు, వాటి ముందు రాజహంసలు. నౌపడ ఉప్పు మడులు చూసిన నాకు ఆ పని కొత్త కాదు. ఎండా గాలీ కలిసి నీటిని ఎండగడతాయి, మనిషి నడుము విరగ్గొట్టుకుని ఉప్పు గీకి పోగేస్తాడు. ఆ మడుల పక్కనే, సముద్రం అంచున, రాతి గుడిసెలు వరసగా ఉన్నాయి. 1850లో ఉప్పు తీసే బానిసల కోసం కట్టినవి. వాకిలి నా నడుముదాకా కూడా లేదు, పాకుతూ లోపలికి వెళ్లాలి. మా వారు బయటే కూర్చుండిపోయారు. వారమంతా అందులో తలదాచుకుని, వారాంతాన ఉత్తరాన ఉన్న రింకోన్ ఊళ్లోని పెళ్లాం బిడ్డల దగ్గరికి గంటల తరబడి నడిచి వెళ్లేవారు.

ఏప్రిల్ 30 ఆ రింకోన్ ఊరి పండగ. దీవికి అదే మొదటి ఊరు. సముద్రం మీంచి వచ్చే దొంగలకు కనబడకుండా కొండల మధ్య లోయలో స్పానిష్‌వాళ్లు కట్టారు. కోతల పండగను ఇక్కడ సిమాదాన్ అంటారు. ఒకరి చేనుకు ఊరంతా వచ్చి కోసిపెట్టడం, ఆ చేనువాళ్లు అందరికీ వండిపెట్టడం. మన పల్లెల్లో బదులు పనులకు వెళ్లే పద్ధతి అచ్చంగా ఇదే. వరసలు కట్టి, భుజాల మీద చేతులేసుకుని, వాపా అనే అడుగు వేస్తూ ఊరి గాదె దాకా నడుస్తారు. గాదెను మంగసీనా అంటారు. జొన్నపిండితో పోసిన రేపా అనే అట్టు నా చేతికిచ్చారు. మెత్తని జొన్నరొట్టెలా ఉంది. మా వారు మూడు తిన్నారు.

బొనేర్‌లో దిగితే సముద్రంలోకి చూడకుండా రాకూడదు. 1979 నుంచి దీవి చుట్టూ సముద్రం రక్షిత ఉద్యానం. గట్టు నుంచి పదడుగులు వేస్తే పగడాల తోట. దారి పొడుగునా పసుపు రంగు వేసిన రాళ్లు, ఒక్కొక్క రాయి ఒక్కొక్క దిగే చోటుకు గుర్తు. అమ్మాయి శ్వాసగొట్టం పెట్టుకుని గంటసేపు చూసి వచ్చి, మాట రాక కూర్చుంది.

మన బట్టకూ వాళ్ల కథకూ ఉన్న ముడి

ఇప్పుడు మొదట్లో చెప్పిన జవాబు. డచ్చివాళ్లు రెండు కంపెనీలు పెట్టారు. 1602లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ మన వైపు వచ్చింది. 1605లో బందరు చేరింది. బందరులో వలందపాలెం పేరు ఆ హాలండు వాళ్ల గుర్తే. పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, భీమిలి, అన్నిచోట్లా వాళ్లు కొన్నది ముఖ్యంగా మన నేతబట్ట. 1621లో పుట్టిన వెస్టిండియా కంపెనీ 1634లో కురసావ్‌ను స్పానిష్‌వాళ్ల నుంచి లాక్కుని, దాన్ని బానిసల సంతగా మార్చింది.

కోరమండల్ తీరంలో నేసిన బట్టల్లో ఒక రకానికి గినీ గుడ్డ అని పేరు. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. ఆ బట్ట ఆమ్‌స్టర్‌డాం మీదుగా ఆ తీరానికి వెళ్లేది. అక్కడ మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో అదొకటి. అలా కొన్న మనుషుల్లో వేలమంది కురసావ్‌లో దిగారు. మగ్గం మీద కూర్చున్న మన నేతగాడికి ఆ బట్ట ఎక్కడికి పోతుందో తెలిసే వీలు లేదు. కానీ నాకిప్పుడు తెలిసింది. సెవూ ఊరేగింపులో ఆ నూలు పావడాలు చూసినప్పుడు నా గుండె బరువెక్కింది.

ఆ మనుషులు ఊరుకోలేదు. 1795 ఆగస్టు 17న కెనెపా తోటలో తూలా అనే బానిస తోటివాళ్లను వెంటబెట్టుకుని పని మానేశాడు. ఫ్రెంచి దీవుల్లో బానిసలకు విముక్తి వచ్చింది, మాకెందుకు రాదు అని అడిగాడు. ఆ తిరుగుబాటు నెలకు పైగా సాగింది. అక్టోబరు 3న తూలాను క్రూరంగా చంపారు. డచ్చి దీవుల్లో బానిసత్వం రద్దయ్యింది 1863 జూలై 1న. డచ్చి రాజు ఆ పాపానికి క్షమాపణ చెప్పింది 2023 జూలై 1న. ఆగస్టు 17 ఇవాళ కురసావ్‌లో స్వాతంత్ర్య పోరాట దినం. కెనెపా పక్కనున్న ఇసుక తీరం చాలా అందంగా ఉంటుంది. ఈతకు వెళ్లేవాళ్లు తూలా పేరు తలుచుకుని వెళ్లండి.

ఇంకొక్క మాట. కంకి చూసి "మన జొన్నలే" అన్నాం కదా. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందట అక్కణ్ణుంచి మనకు వచ్చింది. అలసందలూ అంతే, చింతచెట్టూ అంతే. మన వంటింట్లో సగం ఆఫ్రికా ఉంది. అదే గింజను ఓడల్లో తరిమిన మనుషులు ఆ ఎండు దీవుల్లో మొలిపించుకుని బతికారు. జొన్న చొప్పతో కప్పు వేసుకున్నారు. కురసావ్‌లో అలాంటి మట్టి ఇంటిని కాస్ ది పాల్ మైషి పేరుతో ప్రదర్శనశాలగా ఉంచారు. పేరుకు అర్థం చొప్ప ఇల్లు. ఆ పెరట్లో నిలబడితే కర్నూలు పల్లెలో ఉన్నట్టే ఉందని మా వారన్నారు.

ఏడాది పొడుగునా

ఏప్రిల్లో కుదరకపోతే మిగతా నెలల్లోనూ పండగలకు కరువు లేదు. జనవరిలో కురసావ్‌లో తుంబా పాటల పోటీ, అందులో గెలిచిన పాటే ఆ ఏటి కార్నివాల్ ఊరేగింపు పాట. కార్నివాల్ ఫిబ్రవరి లేదా మార్చిలో, ఉపవాస దినాలకు ముందు వస్తుంది. అరుబాలో చివరి రాత్రి మోమో రాజు బొమ్మను తగలబెట్టి ముగిస్తారు. మార్చి 18 అరుబా జెండా పండగ. జూన్ 24న అరుబాలోనే చేసే డేరా గై, కోడిపుంజును పాతిపెట్టే పంట పండగ. ఇప్పుడు ప్రాణమున్న కోడిని వాడరు. వాన పడితే కిబ్రహాచా చెట్లు ఆకు కనబడకుండా పసుపు పూలు పూస్తాయి, నాలుగు రోజుల్లో రాలిపోతాయి. సెప్టెంబరు 6 బొనేర్ పండగ. క్రిస్మస్‌కు అరటాకులో చుట్టి ఉడికించిన అయాకా. సంవత్సరాంతపు రాత్రి అరుబాలో దాందే బృందాలు ఇంటింటికీ వచ్చి, ఆ ఇంటివాళ్ల పేర్లు చేర్చి దీవెన పాటలు పాడి, టోపీ చాపి కానుక తీసుకుంటారు. సంక్రాంతి హరిదాసు తెలిసిన మనకు అది వివరించి చెప్పక్కర్లేదు.

ఇంకో సంతోషం. 2025 నవంబరు 18న కురసావ్ జట్టు 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. లక్షన్నర పైచిలుకు జనాభా, ఇంత చిన్న దేశం అంతకుముందెప్పుడూ ఆ పోటీకి వెళ్లలేదు. సెవూ నాడు మాకు కుర్చీలిచ్చిన పెద్దావిడ మనవళ్లు ఎంత గంతులేసి ఉంటారో అనుకున్నాం.

వెళ్లేవారికి

మూడు దీవులకూ ఒకే ఏర్పాటు కాదు. అరుబా, కురసావ్ డచ్చి రాజ్యంలో స్వపరిపాలన ఉన్న దేశాలు, బొనేర్ 2010 అక్టోబరు 10 నుంచి నెదర్లాండ్స్‌లోని ఒక ప్రత్యేక పురపాలక ప్రాంతం. డబ్బు కూడా వేరు. అరుబాలో ఫ్లోరిన్, కురసావ్‌లో 2025 మార్చి 31 నుంచి కరిబియన్ గిల్డర్, బొనేర్‌లో అమెరికా డాలరు. డాలర్లు మూడుచోట్లా చెల్లుతాయి. బొనేర్‌లో ప్రవేశ పన్ను, సముద్ర ఉద్యానం రుసుము వేరువేరుగా కట్టాలి. దీవుల మధ్య ప్రయాణికుల ఓడలు లేవు, విమానాలే. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్లు కొనే ముందే చూసుకోండి. అరుబా నుంచి అమెరికా తిరిగి వెళ్లేవారికి అమెరికా తనిఖీ అరుబా విమానాశ్రయంలోనే అయిపోతుంది, అందుకని మూడు గంటల ముందే చేరాలి. పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ అరుబా, బొనేర్లలో నిషేధం. నూలు బట్టలు, టోపీ, నిండు చేతుల చొక్కా దాని కంటే మేలు.

సముద్రం చూడటానికి ఏ నెలయినా ఒకటే. మనుషుల్ని చూడాలంటే ఈస్టరు మర్నాటి సోమవారానికి కురసావ్‌లో ఉండేలా, కుదిరితే ఏప్రిల్ 30కి రింకోన్ చేరేలా చూసుకోండి. గోడలూ కోటలూ డచ్చివాళ్లు కట్టించారు. ఆ పాట, ఆ భాష, ఆ కంకుల ఊరేగింపు వాళ్లు కొని తెచ్చినవాళ్లవి. భీమిలి వచ్చినప్పుడు సముద్రపు ఒడ్డున ఆ సమాధుల దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. మన బట్ట ఎంతదూరం వెళ్లిందో, ఎవరి బతుకులకు చుట్టుకుందో మీ పిల్లలకు చెప్పండి. మా వారి చేతికొచ్చిన కంకి ఇప్పుడు లేదు. విత్తనాలు, మొక్కలు దేశం దాటించకూడదని కురసావ్ నుంచి బయలుదేరే రోజు దాన్ని ఆ పెద్దావిడకే తిరిగి ఇచ్చేశాం. వచ్చే వానకు విత్తుతానని చెప్పింది.